కోతుల కోసం కొన్న 8×42 బైనాక్యులర్స్: రామతీర్థంలో వాడాక నా అభిప్రాయం

బైనాక్యులర్స్ రివ్యూలు ఏవి తీసినా పక్షుల గోలే. తేలినీలాపురంలో పెలికాన్ ముక్కు ఎంత స్పష్టంగా కనిపించిందో, తేలుకుంచిలో కొంగ గూట్లో పిల్లలెన్నున్నాయో, ఇవే. తప్పేం లేదు, మంచి పనే. కానీ నాకు కావలసింది కోతుల్ని చూడ్డానికి పనికొచ్చేవి, వాటి గురించి రాసినవాళ్ళు ఎవరూ కనబడలేదు, అందుకే వాడిన నేనే రాస్తున్నాను. కోతిని చూడ్డానికి అద్దాలెందుకు, విజయనగరం దగ్గర రామతీర్థం కొండ మెట్ల మీద కొబ్బరిచెక్క పట్టుకుని నిలబడితే అదే వచ్చి మీద పడుతుంది కదా అని నవ్వేవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. నిజమే, పడుతుంది. అయితే మన దగ్గరికొచ్చిన కోతికి కొబ్బరిచెక్క తప్ప వేరే ధ్యాస ఉండదు. వాటిలో అవి ఎలా మసులుకుంటాయో, ముఖ్యంగా ఏ ఆడది ఏ మగదాన్ని దగ్గరికి రానిస్తుందో, ఎవర్ని ఎందుకు కాదంటుందో చూడాలంటే ఓ నలభై యాభై మీటర్ల అవతల, చేతిలో తిండి లేకుండా కూర్చోవాలి.

ముందు వస్తువు సంగతి. 8×42, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపిస్తుంది, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు. గొట్టాలు తిన్నగా ఉండే రూఫ్ ప్రిజమ్ రకం, లోపల బాక్-4 అనే మేలు రకం గాజు, అద్దాలన్నిటికీ పూత ఉందని పెట్టె మీద రాసుంది. బరువు ముప్పావు కిలోకి కాస్త తక్కువ. ధర పది వేల లోపు. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే నేను తిట్టేవి కూడా కొన్నున్నాయి, పైగా ఈ ధరలో దొరికే వాటిలో తేడాలు పేరు చూస్తే తెలిసేవి కావు, కళ్ళకి పెట్టుకుంటేనే తెలుస్తాయి. ఆన్‌లైన్‌లో రెండు వేలకి 'వంద రెట్లు జూమ్' అని అమ్మేవాటి జోలికి మాత్రం పోకండి. చేత్తో పట్టుకున్న అద్దం పది రెట్లు దాటితే బొమ్మ వణికిపోతుంది, వంద రెట్లన్నది ఉత్త మాట.

ఇప్పుడు అసలు పరీక్ష, రంగు. కోతుల విషయంలో నేను మొదట చూసేది ఇదే.

మన ఉత్తరాంధ్రలో ఉండేది రీసస్ కోతి. గోదావరికి అవతల, దక్షిణాన, నడినెత్తిన పాపిడి తీసి దువ్వినట్టు జుట్టు, పొడుగు తోక ఉండే ఇంకో రకం ఎక్కువ. మనదాని తోక పొట్టి, నడుం కింది భాగం కాస్త నారింజ ఛాయ. జోడీ కట్టే కాలం రాగానే మగ రీసస్ ముఖం, పిరుదులు ఎర్రబడతాయి. అది హార్మోన్ల పని, చర్మం కింద రక్తప్రవాహం పెరిగి వచ్చే రంగు. ఉత్తర భారతంలో ఈ కాలం సుమారుగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నడుస్తుంది, గర్భం అయిదున్నర నెలలు కాబట్టి పిల్లలు ఎక్కువగా ఎండాకాలంలో పుడతాయి. నేను చూసినంతలో మన దగ్గరా కార్తీకంలోనే ముఖాలు మారుతున్నాయి. అన్ని మగ కోతులూ ఒకేలా ఎర్రబడవు, కొన్నిటిది ముదురు ఎరుపు, కొన్నిటిది వెలిసిన గులాబీ, ఆ తేడా ఆడకోతికి ముఖ్యం. 2003లో అచ్చయిన ఒక ప్రయోగంలో, ఒకే మగ కోతి ఫోటోని కంప్యూటర్లో ఒకటి పాలిపోయినట్టు, ఒకటి ఎర్రగా మార్చి ఆడ రీసస్‌లకి చూపిస్తే అవి ఎర్రటి బొమ్మ వైపే ఎక్కువ సేపు చూశాయి. మనలాగే వాటికీ మూడు రంగుల చూపు ఉంది, ఎరుపు ఆకుపచ్చ విడివిడిగా తెలుస్తాయి. అంటే కోతి చూసే తేడా మనమూ చూడగలం, అద్దం మోసం చేయకపోతే.

ఇక్కడే చవక అద్దాలు ముంచేస్తాయి. పూత సరిగా లేనిది ప్రతిదాన్నీ పసుపు పచ్చగానో కాస్త నీలంగానో చూపిస్తుంది, అప్పుడు వెలిసిన గులాబీ, మంచి ఎరుపు రెండూ ఇటుక రంగే. షాపులో పరీక్షించడానికి తేలిక పద్ధతి ఒకటుంది: బైనాక్యులర్స్‌ని తిరగేసి, పెద్ద అద్దం వైపు నుంచి తెల్ల కాగితం మీదకి చూడండి, కాగితం ఏ ఛాయలో కనిపిస్తే అది మీ అద్దం కలిపే రంగు. నా దాంట్లో పిసరంత పసుపు ఉంది, కాదనను, కానీ రామతీర్థంలోనే ఉన్న గురుభక్తులకొండ మీద పాత ఇటుకల పక్కన కూర్చున్న మగ కోతి ముఖాన్ని ఆ ఇటుకల నుంచి విడదీసి చూపించింది. నాకు అది చాలు.

ఇదేదో కొత్త సంగతి అనుకోకండి, డార్విన్ దీని గురించే బుర్ర బద్దలుకొట్టుకున్నాడు. బతకడానికి పనికిరాని ఈ రంగులు, జూలు, కొమ్ములు ఎందుకొచ్చాయని అడిగి, 1871లో లైంగిక వరణం అన్న జవాబు ఇచ్చాడు: ఒకటి, మగవి మగవాటితో పోటీపడి గెలవడం, రెండు, ఆడది ఎంచుకోవడం. 1876లో కోతుల రంగుల మీద ప్రత్యేకంగా ఓ చిన్న వ్యాసం కూడా రాశాడు. మొదటిదాన్ని అందరూ ఒప్పుకున్నారు, కొట్లాట కళ్ళకి కనిపిస్తుంది కదా. రెండోదాన్ని మాత్రం చాలా మంది శాస్త్రవేత్తలు దాదాపు వందేళ్ళు పెద్దగా పట్టించుకోలేదు. ఆడ జంతువుకి ఎంచుకునే తెలివి ఏముంటుంది అన్న ధోరణి. నేను బైనాక్యులర్స్ మీద ఇంత డబ్బు పెట్టిందీ ఆ రెండోదాని కోసమే. కొట్లాట చూడ్డానికి అద్దం అక్కర్లేదు, చెవులు చాలు. ఎంపిక మాత్రం ఓ చూపులో, ఓ అడుగు పక్కకి జరగడంలో అయిపోతుంది.

వెలుతురు గురించి. నలభై రెండుని ఎనిమిదితో భాగిస్తే 5.25, అన్ని మిల్లీమీటర్ల వెలుగు చుక్క మన కంటికి చేరుతుంది. అదే 10×42 అయితే 4.2, జేబులో పట్టే 10×25 అయితే రెండున్నర. మిట్టమధ్యాహ్నం ఈ తేడా తెలీదు, ఎందుకంటే ఎండలో మన కనుపాపే చిన్నదైపోతుంది. కానీ కోతులు మిట్టమధ్యాహ్నం పడుకుంటాయి. చూడాల్సినవన్నీ తెల్లారుతూ ఉండగానో, పొద్దు వాలుతుండగానో, లేదా చింతచెట్ల చీకటి నీడలో రాయి చాటునో జరుగుతాయి. చాటు అన్న మాట ఊరికే వాడలేదు. గుంపులో తక్కువ హోదా మగవి పెద్దదాని కళ్ళబడకుండా జోడీ కట్టడం రీసస్‌లలో బాగా తెలిసిన సంగతి, ఆడది కూడా వాటితో చాటుకి వెళుతుంది. ఆరింటికి ముందు, అక్కడే ఉన్న బోధికొండ వైపు రాళ్ళ నీడలో ముఖాలు పోల్చుకోగలిగాను, పక్కనే ఒకాయన తెచ్చుకున్న చిన్న బైనాక్యులర్స్‌లో అవే కోతులు నల్ల ముద్దల్లా ఉన్నాయి. ఈ ఒక్క కారణానికే చిన్న సైజు వద్దంటాను.

ఎనిమిదా పదా అని చాలా మంది అడుగుతున్నారు. ఎనిమిదే. పది రెట్లలో ముఖం పెద్దగా కనిపిస్తుంది, ఒప్పుకుంటాను, కానీ చూపు వెడల్పు తగ్గిపోతుంది. నా దాంట్లో వెయ్యి మీటర్ల దూరంలో 129 మీటర్ల వెడల్పు కనిపిస్తుందని రాసుంది, అంటే యాభై మీటర్లలో ఆరు మీటర్ల పైచిలుకు. ఆ ఆరు మీటర్లలో ఒక ఆడకోతి, దాని వెనక నడిచే మగది, వాటిని దూరం నుంచి గమనిస్తున్న ఇంకో మగది, ముగ్గురూ పడతారు. ముగ్గురూ ఒకేసారి కనబడకపోతే కథ సగమే అర్థమవుతుంది.

దీనికో పద్ధతి ఉంది, అది తెలుసుకుంటే అద్దం విలువ రెట్టింపవుతుంది. కెన్యాలోని అంబోసెలిలో బబూన్ కోతుల్ని దశాబ్దాల పాటు గమనించిన శాస్త్రవేత్త జీన్ ఆల్ట్‌మన్ 1974లో ఒక వ్యాసం రాసింది, జంతువుల ప్రవర్తన చూసేవాళ్ళందరూ ఇప్పటికీ దాన్నే పట్టుకుంటారు. ఆవిడ చెప్పింది సుమారుగా ఇది: గొడవ ఎక్కడుంటే అటు కన్ను తిప్పకు, ముందే ఒక జంతువుని అనుకుని, ఇంత సేపని పెట్టుకుని, అది ఊరికే కూర్చున్నా సరే దాన్నే చూడు, తర్వాత ఇంకోదాన్ని అంతే సేపు చూడు. అలా ఆడవాటికీ సమానంగా సమయం ఇచ్చి చూడటం మొదలుపెట్టాక ఆడవి చేసే ఎంపిక లెక్కల్లోకి ఎక్కింది. మీరు కూడా చేసి చూడండి, మొదటి పది నిమిషాలు విసుగు, తర్వాత కళ్ళు తిప్పలేరు.

నేను ఈ పద్ధతిలో పట్టుకున్న ఒక పొద్దుటి సంగతి చెబుతాను. చెవి చిరిగిన ఒక గండుకోతి రావిచెట్టెక్కి కొమ్మలు ఊపేస్తోంది, మెట్లెక్కే జనమంతా ఆగి దాన్నే చూస్తున్నారు, ఫోన్లన్నీ దానివైపే. నేను అనుకున్నది మాత్రం గోడ మీద కూర్చున్న ఆడకోతి. అది ఆ ఊపుడు వైపు ఒక్కసారి చూసి, గోడ దిగి, తాపీగా వెనక బండ దగ్గరికి నడిచింది. అక్కడ ముఖం బాగా ఎర్రగా ఉన్న వయసు మగది ఒకటి పెదాలు చప్పరిస్తూ కూర్చుంది. ఆడది దాని పక్కనే కూర్చుని పేలు చూడ్డం మొదలెట్టింది. ఈలోగా మూడో మగది ఒకటి దగ్గరికి రాబోతే ఆడది చతికిలబడి కదలనే లేదు, వచ్చింది కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. కాదనడం అంటే ఇంతే, అరుపూ లేదు కరుపూ లేదు. టీ కొట్టు ఆవిడ నన్ను చూసి చూసి చివరికి అడిగేసింది, "ఏటి బాబూ, కోతులకి సమ్మంధాలు సూస్తన్నావేటి?" అని. కాదమ్మా, వాటికవే చూసుకుంటున్నాయి అన్నాను.

గండుకోతే అన్నిటికీ తండ్రి అనుకునేవాళ్ళకి ఇంకో మాట. కరీబియన్ సముద్రంలో ప్యూర్టోరికో దగ్గర కయో శాంటియాగో అని చిన్న దీవి ఉంది, 1938లో మన ఇండియా నుంచి 409 రీసస్ కోతుల్ని ఓడలో తీసుకెళ్ళి అక్కడ వదిలారు. బయటి నుంచి కొత్త కోతి ఒక్కటి కూడా కలపకుండా వాటి వంశాలే ఇప్పటికీ అక్కడున్నాయి, తరతరాల లెక్కలు రాసి పెట్టారు. ఆ లెక్కల్లో తేలింది ఏంటంటే, రీసస్ మగది పెద్దరికం సాధించేది ఎక్కువగా తన్నులాటలతో కాదట, గుంపులో చేరి ఓపికగా ఉంటే ముందున్నవి పోయేకొద్దీ పైకి వస్తుంది. గవర్నమెంటు ఆఫీసు ప్రమోషన్ లాంటిది. తమాషా ఏమిటంటే సీనియర్ అయ్యేసరికి ఆడవాటికి మొహం మొత్తుతుంది, కొత్తగా గుంపులోకి వచ్చిన మగవాటి మీద మొగ్గు చూపడం పరిశోధకులు గమనించారు. పైగా ఆడది ఆ కాలంలో ఒకరితోనే ఆగదు. పిల్లల తండ్రులెవరో పరీక్ష చేసి చూస్తే పెద్దదానికి వాటా ఉంటుంది గానీ మొత్తం దానిదే కాదు. ఒకే ఆడదాని దగ్గరికి చాలా మగవి చేరే జాతుల్లో పోటీ శరీరం లోపల కూడా నడుస్తుంది, వీర్యాల మధ్య. అందుకే సుమారు నలభై యాభై కిలోల చింపాంజీకి వృషణాలు 120 గ్రాములదాకా ఉంటే, నూట అరవై కిలోల గొరిల్లాకి ముప్పై గ్రాములే, తన గుంపులో దానికి సాధారణంగా పోటీ ఉండదు మరి. మన రీసస్ చింపాంజీ బాపతే. సీజన్‌లో చూస్తే అద్దం అక్కర్లేకుండానే తెలుస్తుంది, ఇంతకంటే వివరంగా రాయను, పిల్లలు కూడా చదువుతారు.

తర్వాత కొండముచ్చులు. వీటి దగ్గర నా బైనాక్యులర్స్ కాస్త తలొంచుకుంది. ఎస్.కోట అవతల పుణ్యగిరి వైపు వెళ్ళినప్పుడు చూశాను, నల్లటి ముఖం, వెనకాల తెల్లటి ఆకాశం, ఆ అంచు చుట్టూ ఊదా రంగు గీత కనబడింది. ఈ ధరలో ఈ లోపం ఉంటుంది, అది పోవాలంటే ఈడీ గాజు (రంగులు చీలడాన్ని తగ్గించే ప్రత్యేక గాజు) ఉన్నది కొనాలి, ధర పెరుగుతుంది. రీసస్ ఎక్కువగా నేల మీదా గోడల మీదా ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు, చెట్టు చివర కూర్చునే కొండముచ్చుకి ఇబ్బందే. ఆ ఊదా గీత ముఖం కవళికల్ని తినేస్తుంది, కళ్ళు ఎటు చూస్తున్నాయో తెలీదు.

అది తెలియకపోతే కొండముచ్చు గుంపులో జరిగే పెద్ద విషయం మనకి దొరకదు. అరవైల్లో ధార్వాడ్ దగ్గర జపాన్ శాస్త్రవేత్త సుగియామా ఒక ఘోరం చూశాడు, బయటి మగది వచ్చి గుంపుని ఆక్రమించాక పాలు తాగే పిల్లలు చనిపోయాయి. 1971 నుంచి రాజస్థాన్ మౌంట్ ఆబూలో కొండముచ్చుల్నే గమనించిన అమెరికా శాస్త్రవేత్త సారా హర్డీ దానికి ఒక వివరణ ఇచ్చింది. పిల్ల పోతే తల్లి త్వరగా మళ్ళీ ఎదకి వస్తుంది, కొత్త మగదానికి అది లాభం. చాలా మంది నమ్మలేదు, కోతులకి పిచ్చెక్కిందన్నారు, జనం రద్దీ వల్ల అన్నారు. 1999లో నేపాల్ రామ్‌నగర్ కొండముచ్చుల డీఎన్‌ఏ చూస్తే, దాడి చేసిన మగవి తాము చంపిన పిల్లలకి తండ్రులు కావని తేలింది. హర్డీ చెప్పిన రెండో సగమే నాకు ఇంకా ఇష్టం: ఆడది చాలా మగవాటితో, గుంపు బయటివాటితో కూడా, ఒక్కోసారి గర్భంతో ఉండి కూడా కలుస్తుంది, దాంతో పిల్ల తనదేమో అన్న అనుమానం ఉన్న మగది దాని జోలికి రాదు. అంటే ఎంపిక ఎప్పుడూ 'మంచివాడు ఎవడు' అన్న ప్రశ్నకి జవాబే కానక్కర్లేదు, బిడ్డని కాపాడుకునే ఎత్తు కూడా కావచ్చు. పుణ్యగిరిలో నేను అంత చూశానని చెప్పను. ఒక ఆడది తల విదిలిస్తూ పిలవడం చూశాను, మిగతాది ఊదా రంగులో కలిసిపోయింది.

ఇక తిట్లు. ఎడమ కంటి రబ్బరు కప్పు నెల తిరక్కుండానే వదులైంది, పైకి తిప్పి పెడితే దానంతటదే కిందికి జారుతుంది. కళ్ళజోడు ఉన్నవాళ్ళు ఎలాగూ కిందికే పెట్టుకుంటారు కాబట్టి వాళ్ళకి తెలీదు. ముందు అద్దాల మూతలు ఉత్తినే ఊడిపోతాయి, ఒకటి మెట్ల మీద పడితే పిల్లకోతి ఎత్తుకుపోయింది, ఆ మూత కావాలని అమ్మినవాళ్ళకి మెయిల్ పెడితే మొత్తం సెట్టు కొనమన్నారు, ఆ తర్వాత జవాబే లేదు. పట్టీ సన్నది, మెడ కోసుకుపోతుంది, నేను పాత కెమెరా పట్టీ వేసుకున్నాను. ఫోకస్ చక్రం మాత్రం మెత్తగా, బాగుంది. కుడి కన్ను దగ్గర రింగు ఒకసారి మీ చూపుకి సరిచేసుకుని దాని మీద చిన్న గీత పెట్టుకోండి, ఇంట్లోవాళ్ళు చూసి ఇచ్చినప్పుడల్లా అది కదిలి ఉంటుంది. మన సముద్రపు గాలికి అద్దాల్లో బూజు పట్టే ప్రమాదం ఉంది, డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి పెట్టండి, శ్రీకాకుళం భీమిలి వైపు వాళ్ళు మరీ ముఖ్యంగా.

ఒక జాగ్రత్త. రీసస్‌కి సూటిగా కళ్ళల్లోకి చూడటం అంటే సవాలు. నోరు తెరిచి గుడ్లప్పగించి చూసిందంటే బెదిరిస్తోందని. రెండు పెద్ద అద్దాల కళ్ళు దగ్గర నుంచి దాని మీద గురిపెడితే ఏమనుకుంటుందో నాకు పరీక్షించాలని లేదు. ముప్పై మీటర్ల కంటే దగ్గరగా వాడకండి, అది మీవైపు చూస్తే అద్దం దించి పక్కకి తిరగండి. తిండి అసలు పెట్టొద్దు, పెడితే మిమ్మల్ని చూస్తాయి, వాటి పని చూసుకోవు, మీరు కొన్న అద్దం దండగ.

మొత్తం మీద అయిదుకి నాలుగు. రీసస్ కోసమైతే కళ్ళు మూసుకుని కొనొచ్చు, కొండముచ్చుల కోసమైతే ఇంకో అయిదారు వేలు కూడబెట్టి ఈడీ గాజుది తీసుకోండి. ట్రైపాడ్ మీద పెట్టే పెద్ద స్కోపు ఎలా ఉంటుందని అడుగుతున్నవాళ్ళకి: చిత్తడి నేలలో నిలబడి ఉండే కొంగకి అది బాగుంటుంది. కోతుల దగ్గర మీరు ట్రైపాడ్ కాళ్ళు సర్దేలోపు గుంపు కొండెక్కేస్తుంది, మిగిలిన పిల్లకోతులు ఆ కాళ్ళు పట్టుకుని ఊగుతాయి.